ఒళ్లు నొప్పులన్న మాట

సూర్యాపేట,
కార్తీక మాసం, 1949.

చిరంజీవి సౌభాగ్యవతి సుమిత్రను నీ తల్లి అండాళమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ అన్న గోపాల్, పనిమనిషి యాదమ్మ క్షేమంగానే ఉన్నాం. మిర్యాలగూడెంలో నువ్వు, అల్లుడుగారు, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను.

చేతిరాత చూసి ఆశ్చర్యపోయావా? ఇన్నాళ్లూ నేను చెబితే గోపాల్ రాసేవాడు. నేను నాలుగు మాటలు చెబితే వాడు రెండు రాసి, "అయిపాయెనమ్మా, ఇగ ఏముంది?" అని కవరు అంటించేవాడు. వరికోతలని నిన్న కోదాడ వైపు పోయాడు. అందుకని కలం నా చేతికొచ్చింది. అక్షరాలు వంకర పోతే నవ్వుకో, కానీ ఈ ఉత్తరం ఒక్కదానివే చదువుకో.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. చంటిదానికి వచ్చింది పళ్ల జ్వరమే, కంగారు పడకు. ఊరికి తిరిగి పోయే మాట మీ అన్న ఎత్తడం లేదు. పోలీసు చర్య అయి ఏడాది దాటినా మేళ్లచెరువు పక్క పల్లెలు ఇంకా కుదుటపడలేదట. ఈ కిరాయి ఇంట్లోనే కాలక్షేపం.

నువ్వు పంపిన చేప నూనె సీసా బస్సులో పగలకుండా వచ్చింది. తాగుతున్నాను, ఒట్టు. చేపలు తినని దాన్ని కాదు గానీ, ఈ చేప ఏ సముద్రంలో చచ్చిందో, గొంతు దిగేసరికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. తాగాక వాడలోని పిల్లులన్నీ నా మంచం చుట్టూ చేరుతున్నాయి. నా జన్మలో ఇంతమందిని వెంట తిప్పుకోలేదు.

ఎండలో కూర్చుంటున్నావా అని అడిగావు. ఎక్కడ కూర్చోను? పక్కింటి మేడ మీది నుంచి మా పెరడంతా కనబడుతుంది. పరాయి మగవాళ్ల కంట పడకూడదన్న ఘోషా, ఊళ్లో గడీ వదిలి వచ్చినా నన్ను వదల్లేదు. యాదమ్మ దండేల మీద చీరలు వేసి చాటు చేసింది. ఆ చాటుకు మనుషుల చూపులతో పాటు ఎండా ఆగిపోయింది. "సూర్యుడు గూడ పరాయి మొగోడేనా దొరసానీ?" అని అది ఎగతాళి చేస్తుంది. దాని నోటికి హద్దు లేదు. కానీ అది లేకపోతే నాకు పొద్దు పోదు.

ఇక నొప్పి సంగతి. తగ్గిందని పోయిన ఉత్తరంలో రాయించాను. తగ్గలేదు సుమిత్రా. పెరిగింది. రాత్రి ఒక పక్కకు ఒత్తిగిల్లలేకపోతున్నాను. ఎందుకు తగ్గలేదో కూడా నాకు తెలుసు. అది రాయడానికే కూర్చున్నాను. పిల్లులనీ ఎండనీ చెబుతూ ఇంత దూరం సాగదీశాను.

డాక్టరు వచ్చిన రోజు నువ్వు లేవు. ఆయన వసారాలో, నేను పరదా వెనక, మధ్యలో యాదమ్మ. నొప్పి ఎక్కడని ఆయన అడిగాడు. మంచి మనిషే, గొంతులో విసుగు లేదు. యాదమ్మ పరదాలోకి తల పెట్టి, "యాడ నొస్తున్నదో అడుగుతుండు దొరసానీ" అంది. గోపాల్ కూడా అక్కడే నిలబడి ఉన్నాడు. నేనేం చెప్పను? "ఒళ్లు నొప్పులని చెప్పు" అన్నాను. అది బయటికి పోయి, "ఒళ్లంత నొస్తదంట సారూ" అంది. ఎముకల్లోనా అని అడిగితే అవుననిపించాను. ఎండకు వస్తారా అని అడిగితే యాదమ్మ నవ్వింది. "గా తల్లి ఎండ మొకం సూసి ఎన్నేండ్లయిందో!" అంది. "అయితే రోగం అదే. ఎండ తగలక ఎముకలు మెత్తబడ్డాయి. ఎండలో ఉండే బలం, విటమిన్ అంటారు, ఈ నూనెలో ఉంటుంది" అని రాసిచ్చి వెళ్లాడు. ఆయన తప్పేం లేదు. మేం చెప్పిన రోగానికి మందిచ్చాడు.

ఒళ్లు నొప్పులు అనేది మన ఇళ్లలో ఆడవాళ్లకు ఉన్న ఒకే ఒక్క మర్యాదైన రోగం. పైకి చెప్పరానిది ఏదొచ్చినా ఆ మాటే అంటాం. మా అత్తగారూ ఒళ్లు నొప్పులని మూలుగుతూనే పోయింది. ఎక్కడ నొప్పి అని ఆమెను ఎవరూ అడగలేదు. కోడలినై ఉండి నేనూ అడగలేదు. కాళ్లు పిసికాను, అంతే. నువ్వు మాత్రం మీ అత్తగారు ఆ మాట అంటే ఊరుకోకు. ఎక్కడని అడుగు.

సుమిత్రా, నా ఎడమ రొమ్ములో గడ్డ ఉంది.

ఈ ఒక్క వాక్యం రాయడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. మొదట తడిమినప్పుడు చింతగింజంత ఉండేది. ఇప్పుడు నిమ్మకాయంత అయింది. రాయిలా గట్టిగా ఉంది, పైన చర్మం లోపలికి గుంజుకుపోయింది. నొప్పి అక్కడి నుంచి చంకలోకి, వీపులోకి పాకుతోంది. స్నానం చేయిస్తానని వచ్చే యాదమ్మను కూడా చలి అని వంక పెట్టి పంపేస్తున్నాను. నూనె తాగిన ప్రతిసారీ నువ్వు ఎంత ఆశతో పంపావో గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

గోపాల్‌కు నేను చెప్పలేను. కొడుకుతో ఆ మాట ఎట్లా అంటాను? ఆడ డాక్టరు ఎక్కడుందో అల్లుడుగారి చేత కనుక్కో. హైదరాబాదైనా వస్తాను. పరదా బండి దొరక్కపోతే బస్సులో పదిమంది మధ్య కూర్చునైనా వస్తాను. ఈ మాట రాసింది నేనేనా అని నాకే వింతగా ఉంది.

కానీ ముందు నువ్వు రా. డాక్టరమ్మ కంటే ముందు నువ్వు చూడాలి. చంటిపిల్లగా ఉన్నప్పుడు కుడి వైపు ఎంత పెట్టినా మొహం తిప్పుకునేదానివి. ఎడమ వైపే తాగేదానివి. నీకు చూపించడానికి నాకు సిగ్గు లేదు.

భయపడకు అని రాయాలనుకున్నాను. రాయలేను తల్లీ, నాకే భయంగా ఉంది. ఉత్తరం అందిన రోజే బయలుదేరు.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
మీ అమ్మ