ఎముక పట్టు వదులుతోంది

మద్రాసు,
శుక్రవారం.

ప్రియమైన అప్పకి, ప్రభువు నామంలో తమ్ముడు దానియేలు వందనాలు. నువ్వు, బావ, పిల్లలు, అమ్మ కుశలమని తలుస్తాను. నేనూ కుశలమేనని రాయబోయాను గాని, అబద్ధమాడే పెదవులు దేవునికి అసహ్యం కదా. పెట్టించుకున్న ముందు పళ్ళు రెండూ కదులుతున్నాయి అప్పా.

అమ్మకి చెప్పకు. ఎండలు ముదిరాయని, తిండికి లోటు లేదని చెప్పు. నిజానికి గంజి తాగుతున్నాను.

ఈ పళ్ళ కాలేజీలో నా పని తెలుసుగా, పింగాణీ పొడి తడిపి దిద్దిన పళ్ళని కొలిమిలో కాల్చడం. కుమ్మరి ఇంటికి యిర్మీయాని పంపినట్టే దేవుడు నన్నిక్కడికి పంపాడనుకున్నాను. మన చెరుకు క్రషర్ బెల్టు తెగి మూతికి తగిలి పళ్ళు రాలాక, నేను వాక్యం చెబుతుంటే ఈల వచ్చేది, పిల్లలు కిసుక్కుమనేవారు, మన చర్చి అయ్యగారు మెల్లగా నన్ను ప్రసంగం మాన్పించారు. ఆ నోరు తిరిగి తెచ్చుకోవడానికే కదా ఇంత దూరం వచ్చాను!

డాక్టరమ్మ నా దవడలో రెండు టైటానియం స్క్రూలు బిగించింది. వాటి మీద ఎముకలో ఉండే సున్నం జాతి పింగాణీ పూత. ఎముక దాన్ని తన సొంతమనుకుని అల్లుకుంటుందట. యెహెజ్కేలు చూసిన లోయలో ఎండిన ఎముక ఎముకని వెతుక్కుంటూ రాలేదా! హల్లెలూయా అని కేకవేశాను, గదంతా తిరిగి చూసింది. నెలల తరవాత పళ్ళు తొడిగి, "కొన్నాళ్ళు మెత్తనివే తిను, ముందు పళ్ళతో ఏదీ లాగొద్దు" అని మరీమరీ చెప్పింది.

పోయిన వారం బావ తమ్ముడు యోహాను బెల్లం లారీతో వచ్చి, సీటు వెనకనుంచి చెరుకుగడ తీశాడు.

"మన రావికమతం సెరుకు బావా! తిను."

"కత్తుందేటిరా?"

"సెరుక్కి కత్తేటి? మద్రాసు నీళ్ళు తాగి దొరబాబువైపోనావేటి? ఆ కొత్త పళ్ళు సూపించుకోడానికేనా?"

చోడవరం వాడు చెరుకు కత్తితో చెక్కుకోవడమా! పళ్ళతో పట్టి తొక్క చీల్చాను. రెండో చీలికకి లోపల చిటుక్కుమంది. వాడింకా నవ్వుతూనే ఉన్నాడు.

ఇప్పుడు చిగురు ఉబ్బి చీము పట్టింది. ఎక్స్‌రేలో స్క్రూల చుట్టూ నల్లటి గీత. "పూత ఊడినట్టుంది. ఎముక పట్టు వదులుతోంది. ఏం కొరికావయ్యా?" అంది డాక్టరమ్మ. చెప్పాను. ఆవిడ తిట్టలేదు, దాంతోనే నాకు భయం పట్టుకుంది. సోమవారం చూస్తుందట. కదలిక తగ్గకపోతే రెండూ తీసేస్తుందట. మళ్ళీ బిగించడానికి ఎముక మిగలదట.

ఇక్కడ ప్రార్థనలన్నీ అరవంలోనే. ఆమేన్ తప్ప నాకు తోడు లేదు. గదిలో ఒక్కణ్ణే యాకోబులా దేవునితో పెనుగులాడుతున్నాను. లోయ నిండా ఎముకల్ని లేపినవాడివి, నా దవడలో గోరంత ఎముకకి ఒక్క మాట చెప్పలేవా! అని అడుగుతాను. నాలుక తగిలిస్తే కదులుతోంది. తగిలించకుండా ఉండలేకపోతున్నాను.

వచ్చే మంచి శుక్రవారం నాడు ప్రసంగించమని సిలువ మీది ఏడు మాటల్లో ఐదోది, దాహపు మాట, అయ్యగారు నాకిచ్చారు. బెల్టు దెబ్బ తరవాత నాకిచ్చిన మొదటి మాట అది. వేరొకరికి ఇవ్వనియ్యకు. పళ్ళున్నా ఊడినా వస్తాను. నువ్వేం బెంగపడకు. సోమవారం పొద్దున్న మాత్రం నీ దవడ మీద చెయ్యి పెట్టుకుని నాకోసం మోకరించు.

పళ్ళు తీసేస్తే ప్రసంగం రాసి తెస్తాను. నేను పక్కన నిలబడతాను, నువ్వు చదువు. నోరు తిరగని మోషేకి బదులు మాట్లాడడానికి అన్న అహరోను ఉన్నాడు, నాకు అన్న లేడు. కాని నది ఒడ్డున బుట్టకి కాపలా కాసిన మిర్యాము మోషేకి అప్పే కదా. ప్రసంగం బల్ల దగ్గర ఆడగొంతేమిటని సంఘ పెద్దలు లేస్తే వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. దానికి పళ్ళక్కర్లేదు.

అమ్మకీ బావకీ అయ్యగారికీ వందనాలు, పిల్లలకి ముద్దులు. యోహానుని ఏమీ అనకు, వాడికి తెలీదు.

నీ ప్రార్థనే దిక్కుగా ఉన్న తమ్ముడు,
దానియేలు

గొంతు సిద్ధం చేసుకో అప్పా.