ట్రాక్టరు సీటు మీద నల్లకోడి

హుజూరాబాదు తాలూకా, మన ఊరు,
శ్రావణ మాసం, 1981.

ఇందుమూలముగా మందమర్రి కార్మిక కాలనీలో నివసించు మొగిలికి, అతని భార్య బాలలక్ష్మికి, వారి ఇరుగుపొరుగు వారికి డప్పు కొట్టి తెలియజేయునది ఏమనగా: మన ఇంటి నల్లకోడి శ్రావణం పుట్టిన నాటి నుండి ట్రాక్టరు సీటు మీద పొదిగి ఉన్నది. కావున పిల్లలు లేచునంత వరకు సదరు ట్రాక్టరును ఎవ్వరును స్టార్టు చేయరాదు, హారను కొట్టరాదు, దాని పక్కన నిలబడి గట్టిగా దగ్గరాదు. అతిక్రమించిన వారికి ఈ ఇంట గుడ్డు పెట్టబడదు. డం డం డం.

చాటింపు అయింది. ఇక చిరంజీవి తమ్ముడు మొగిలికి అన్న కైలాసం దీవెనలు. ఇక్కడ నేను, మీ వదిన భూమవ్వ, రెండు బర్రెలు అందరం బాగున్నాం, వదిన చేతులు తప్ప, ట్రాక్టరు గేరుబాక్సు తప్ప. అక్కడ మీరిద్దరూ ఎట్లున్నారో ఉన్నది ఉన్నట్టు రాయి. ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న మాట కింద గీత గీశాను, చూసుకో.

ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేయడం లేదు. డబ్బాలో వేసింది ఎటు పోతుందో ఆ డబ్బాకే తెలియదు. నీతోపాటు బొగ్గుబాయిలో పనిచేసే మన ఊరి రాజయ్య చెల్లె పెండ్లికి వచ్చాడు కదా, సోమవారం తిరిగి వస్తున్నాడు. అతని చేతికే ఇస్తున్నాను. ఉడికిన మెతుకులతో మూడు వైపులా అంటించి, అంటించిన చోట నా బొటనవేలి ముద్ర వేశాను. ముద్ర చెదిరి ఉంటే రాజయ్య విప్పినట్టే. అడుగు. విప్పలేదంటే అసలే నమ్మకు.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. ట్రాక్టరు బాగైందా అన్నావు. నాట్లు పడ్డాయా అన్నావు. నా వేషాలు మానుకున్నానా అని కూడా అడిగావు. చివర ప్రశ్న కాని ముచ్చట ఒకటి రాశావు: దసరా కాగానే బొగ్గుబాయి పనికి రాజీనామా కాగితం ఇచ్చి, ఊరికి వచ్చి ట్రాక్టరు నువ్వే నడుపుతానని. అది చదివి వినిపిస్తే మీ వదిన మంచం మీద లేచి కూర్చుంది.

“మొగిలి వస్తుండా! ఇగ నీ తోక కత్తిరించెటోడు వస్తుండు” అంది.

నేను మాత్రం ఉత్తరం మడిచి చుట్ట వెలిగించాను. సంక్రాంతి అప్పుడు “బాయి పని ఇడిచిపెట్టేది లేదన్నా, పింఛన్ దాక గాడనే” అన్న మనిషికి, ఇంతలో ట్రాక్టరు మీద ఇంత ప్రేమ ఎక్కడి నుండి పుట్టింది? ఆ సంగతి తర్వాత మాట్లాడతాను.

ముందు ట్రాక్టరు. విరిగింది గేరుబాక్సులో చేతి నిండుగా వచ్చే పళ్లచక్రం ఒక్కటే. మూడు పళ్లు ఊడిపోయాయి. దేశంలో చేసిన బండి అయితే హుజూరాబాదులోనే దొరికేది. మనం కొన్నది సముద్రం అవతలి బండి. ఎర్ర రంగు చూసి మురిసింది నువ్వూ నేనూ ఇద్దరమే కాబట్టి ఎవరినీ తిట్టే వీలు లేదు. కరీంనగర్‌లో ఆ బండ్ల సామాన్లు తెప్పించే దుకాణం ఒక్కటే ఉంది. “ఇరిగిన ముక్క శాంపిల్‌కు ఇచ్చిపో కైలాసం, దాన్ని చూసే కొత్తది పంపుతరు” అన్నాడు అక్కడి మేనేజరు. ఇచ్చి వచ్చాను. అది ఉగాది నాటి ముచ్చట. అప్పటి నుండి నేను పోయిన ప్రతిసారీ ఆ చక్రం కొంచెం కొంచెం దగ్గరికి వస్తూనే ఉంది. మొదట కార్ఖానాలో పోత పోస్తున్నారన్నాడు. తర్వాత ఓడ ఎక్కిందన్నాడు.

“గా ఓడ ఏడ ఆగింది సారూ? మానేరు వాగుల నీళ్లు లెవ్వనా?” అని అడిగాను.

“నీకన్నీ పరాష్కాలే. బొంబాయిల దిగుతది. ఫికర్ చెయ్యకు, వచ్చే వారం నీ ఇంట్ల ఉంటది.”

“ఏ ఏడాది వచ్చే వారం?”

నాకు చాయ్ చెప్పాడు. చాయ్ చెప్పే దుకాణందారును నేను నమ్మను తమ్మీ. సామాను ఉన్నవాడు సామాను ఇస్తాడు, లేనివాడే చాయ్ ఇస్తాడు. ఒకవేళ సామాను ఉండి, పెద్దవాళ్ల కోసం లోపల దాచాడేమోనని ఇంకో అనుమానం. అది తీర్చుకుందామని హుజూరాబాదు పోస్టాఫీసు నుండి ఫోను కలిపించి, గొంతు లావు చేసి, “హైదరాబాదు నుండి పెద్ద ఆఫీసరును మాట్లాడుచున్నాను. ఎర్ర ట్రాక్టరు గేరు చక్రం నాకు వెంటనే కావలెను” అన్నాను.

“నమస్తే సార్. ఓడల ఉంది సార్. వచ్చే వారం వస్తది సార్.”

పెద్దకూ చిన్నకూ ఒకే అబద్ధం చెబుతున్నాడని ఒక్క క్షణం అతని మీద గౌరవం కలిగింది. ఫోను పెట్టబోతుంటే మళ్లీ అతనే అన్నాడు: “జర మిరియాల కషాయం తాగు కైలాసం, గొంతు పట్టినట్టుంది.”

వేషాలు మానుకున్నానా అని అడిగావు కదా. మానుకోలేదు, కానీ అవి పారడం లేదు.

ఆషాఢంలో మళ్లీ పోయాను. నారు ముదురుతోంది, నాకు నిద్ర లేదు. గాలికి దుకాణం తలుపు కొట్టుకోకుండా కింద ఇనుప ముక్క ఒకటి అడ్డం పెట్టి ఉంది. వంగి చూశాను. మూడు పళ్లు లేని చక్రం. మనదే! ఓడ ఎక్కించారో రైలు ఎక్కించారో అని నేను అనుకుంటుంటే, అది ఉగాది నుండి ఆ గడపే దాటలేదు.

“గిది శాంపిల్ కద సారూ, గీడ ఉన్నదేంది?”

“నంబరు రాసి పంపినం. గంత బరువు ముక్క ఎందుకు పంపుడు?”

“మరి నా దగ్గర ఎందుకు తీసుకున్నవు?”

“అప్పుడు నంబరు దొరకలే” అని, తలుపు వైపు చూసి అతనికే నవ్వొచ్చింది.

ఊరందరినీ ఆడించే నన్ను ఒకడు ఇట్లా నవ్వి పంపడం నాకు కొత్త. మన చక్రాన్ని దస్తీలో చుట్టి చంకన పెట్టుకుని బస్సెక్కాను. కొట్టుకోనీ వాడి తలుపు.

ఇంటికి వచ్చి చూస్తే ట్రాక్టరుకు బ్యాటరీ లేదు.

నా అనుమానాలు నీకు తెలుసు. మొదటిది మెకానిక్ నాగయ్య మీద. పోయిన ఏడు అతని సైకిలును వేపచెట్టు కొమ్మకు కట్టింది నేనే అని అతనికి ఇప్పుడు తెలిసిపోయింది. రెండోది జగన్మోహన్‌రావు దొర మీద. ఆయనదీ మనలాంటి ఎర్ర బండే. అప్పటి దాకా ఆగి ఉన్నది, ముందు రోజే కొట్టంలో దడదడమని చప్పుడు చేసిందట. దొంగను పట్టడానికి నేను పోలీసు దగ్గరికి పోలేదు. చలికాలంలో కోసి దాచిన దూలగొండి కాయలు ఉన్నాయి నా దగ్గర. ఎందుకు దాచానని అడగకు. వాటి నూగు రాల్చి ఇంజను ఫ్యాను బెల్టుకు బాగా పట్టించాను. బ్యాటరీ తిన్నవాడు బెల్టుకు కూడా వస్తాడు, ఎవడు గోక్కుంటే వాడే దొంగ అని ఊరి మీద పడ్డాను.

నాగయ్య ముందు కూర్చుని అతని చేతులే చూశాను. “ఏందన్నా, జాతకం చెప్తవా?” అన్నాడు. దొర డ్రైవరు నడుము గోక్కుంటుంటే చింతతోపు దాకా వెంటబడ్డాను. చొక్కా ఎత్తి చూపించాడు, చెమటకాయలు. విసిగి ఇంటికి వస్తే వాకిట్లో మీ వదిన దురదకు మోచేతుల దాకా పెండ పూసుకుని ఎగురుతోంది.

“నీ పాడుగాను! బెల్టుకు దూలగొండి ఎవ్వలన్న పూస్తరానయ్యా?”

“బెల్టు కాడ నీకేం పనే?”

“దొర బండికి బ్యాటరీ సచ్చింది, బెల్టు తెగింది. మన బండికేమో చక్రం లేదు. ఆయనది నడువది, మనది నడువది. నారు ముదురుతుంది. నువ్వు కరీంనగర్ల చాయ్ తాగుతున్నవు. నేనే పోయి అడిగిన. దొరా, మా సామాను నీ బండికి పెట్టుకో, కానీ ముందుగాల మా మడి దమ్ము చేసినంకనే నీ మడిల దిగాలె అన్న. సరే అన్నడు.”

“మరి నాకు చెప్పకపోతివి?”

“చెప్తే నువ్వు ఆయన కాడికి పోయి ఏదో ఒక వేషమేస్తవు. బేరం కరాబైతది.”

కోపం వచ్చింది కానీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బెల్టు నేనే కట్టెతో పట్టుకుపోయి నీళ్లలో కడిగి ఇచ్చాను. తెల్లారి నిజంగానే ఆ బండి మన మడిలో దిగింది. నేను గట్టు మీద గొడుగు పట్టుకుని కూర్చున్నాను, సగం చేసి పోతారేమోనని. పోలేదు. నాట్లు పడ్డాయి. ఇప్పుడు పొలం పచ్చగా తిరిగింది. ఆ ప్రశ్నకు ఇదే జవాబు. మీ వదిన గోకి గోకి చేతులు పుండ్లు చేసుకుంది. వంట నేనే చేస్తున్నాను, ముద్దలు కూడా నేనే కలిపి పెడుతున్నాను. తిన్నంతసేపూ ఉప్పు గురించి తీర్పులు చెబుతుంది.

ఇక నేను ఆపి ఉంచిన సంగతి. పెండ్లి పందిట్లో రాజయ్య పక్కన కూర్చుని నీ గురించి అడిగాను. “మంచిగనే ఉన్నడన్నా” అన్నాడు, అని వెంటనే నీళ్లు తాగాడు. మంచి కబురు చెప్పినవాడికి నోరు ఎండుతుందా? అతని విస్తట్లో ఇంకో రెండు మాంసం ముక్కలు వేయించి మళ్లీ అడిగాను.

“ఏం లేదన్నా. మొన్న హోటల్ల చాయ్ ఎడమ చేత్తోని తాగుతుండె. కుడి చెయ్యి తువ్వాల కింద పెట్టుకున్నడు. ఏందిరా అంటే చలి అన్నడు.”

ఆషాఢంలో, మందమర్రిలో చలి! అబద్ధం ఆడేవాడు కాస్త వాతావరణం చూసుకోవాలి తమ్మీ. నన్ను చూసి కూడా నేర్చుకోలేదు. పైగా నీ పోయిన ఉత్తరం బాలలక్ష్మి దస్తూరి. ‘నాకు తీరిక లేదన్నా, నేను చెబుతుంటే ఆమె రాస్తుంది’ అని మొదటి వరుసలోనే సంజాయిషీ. నేను అడిగానా? అడగకముందే సంజాయిషీ చెప్పినవాడిని నేను బ్యాటరీ పోయిన రోజు నాగయ్యను చూసినట్టే చూస్తాను. రాజీనామా ముచ్చట రాసింది కూడా ఆ ఉత్తరంలోనే.

రాజయ్య సోమవారం అక్కడ దిగుతాడు. నీ చెయ్యి సంగతి నాకు చెప్పిన నోరు, మన బండి సంగతి నీకు చెప్పకుండా ఉంటుందా? పెండ్లి పనుల్లో కూడా తీరిక చేసుకుని మన కొట్టం చుట్టూ తిరిగి చూసి పోయాడు. అందుకే వాడికంటే ముందు నేనే చెబుతున్నాను.

పైన రాసినవన్నీ నిజం. ఫోను నిజం, తలుపు నిజం, దూలగొండి నిజం. నల్లకోడి ఒక్కటే నేను పుట్టించింది. మన ఇంట్లో పొదిగే కోడి లేదు. ఉన్నా కూర్చోవడానికి సీటు లేదు. బ్యాటరీ, బెల్టుతో ఆగలేదు తమ్మీ. ఈ చుట్టుపక్కల ఏ ఎర్ర బండి ఆగినా నాగయ్య మన కొట్టానికే వచ్చాడు. “ఒక్క రోజుకన్నా, పాపం వాళ్ల నారు ముదురుతుంది” అనేవాడు. మీ వదిన కాదు, నేనే ఇచ్చాను. ఆ మాట విన్నాక కాదనడం నా వల్ల కాలేదు. డైనమో పోయింది. ముందరి రెండు చక్రాలు పోయాయి. స్టీరింగు పోయింది. మొన్న సీటు కూడా పోయింది. ఒక్కటీ తిరిగి రాలేదు. మన ట్రాక్టరు ముక్కు రెండు బండల మీద ఆనించి ఉంది. కరీంనగర్ నుండి తెచ్చిన మూడు పళ్లు లేని చక్రం మాత్రం భద్రంగా ఉంది. మన తలుపు ఇప్పుడు గాలికి కొట్టుకోవడం లేదు.

నువ్వు వస్తున్నానన్నావు, నీకు ఈ బండి ఎట్లా చూపించాలో తెలియక కోడిని పెట్టాను. నా అబద్ధం ఒప్పుకున్నాను. ఇప్పుడు నీ వంతు. చేతికి ఏమైంది, ఎంత దాకా అయింది, బాలలక్ష్మి కాదు, నువ్వు రాయి. ఎడమ చేత్తో ఎట్లా రాసినా చదువుకుంటాను.

ట్రాక్టరు కోసమైతే రావద్దు, నడపడానికి ఇక్కడ ఏమీ లేదు. చెయ్యి కోసమైతే దసరా దాకా ఎందుకు, ఇది చదివిన రోజు ఏ బస్సు దొరికితే ఆ బస్సెక్కి ఇద్దరూ రండి. ఒకరికి ముద్దలు కలిపి పెడుతూనే ఉన్నాను, ఇంకొకరు ఎక్కువ కాదు. ఉప్పు మాత్రం నేను వేసినంతే.

ఇట్లు,
అబద్ధాల సరుకు అయిపోయిన నీ అన్న,
కైలాసం.