టోపీ తర్వాత చెవి

టార్వర్, ఆర్కన్సా
1986 మే 9, శుక్రవారం

చిట్టితల్లి నెల్డాకి,

అమ్మ ముద్దులు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం, మీ నాన్న క్షేమం, ఆయన కుడి మోకాలు మాత్రం ఎప్పటిలాగే అలిగి కూర్చుంది. జర్మనీలో నీ ఒంట్లో ఎలా ఉంది? ఆ మిలిటరీ ఆసుపత్రి వాళ్ళు డ్యూటీ మీద డ్యూటీ వేసి నా పిల్లను పీల్చి పిప్పి చేస్తున్నారేమోనని ఒకటే బెంగ.

నీ ఉత్తరం సోమవారం అందింది. కేకు పంపితే దారిలో సైనికులు తినేస్తారేమో అన్నావు. తింటే తిననీ, పాపం వాళ్ళూ ఓ తల్లి పిల్లలే, ఈసారి రెండు పంపుతాను. పక్కింటి కుక్క ఈనిందా అని అడిగావు. ఈనింది, ఆరు పిల్లలు. అన్నిటికీ మన కుక్క ముక్కే వచ్చింది. పక్కింటావిడ నాతో మాటలు మానేసింది, నేనేదో దగ్గరుండి చేయించినట్టు. ఇక ఉత్తరం చివర చిన్న చిన్న అక్షరాలతో రాశావు చూడు, "నాన్నను నిజంగానే తీసేస్తారా అమ్మా?" అని. ఈ ఉత్తరమంతా దానికే జవాబు. వరుసగా చదువు. ముందే చివరి కాగితం తిప్పి చూడకు, నీకా పాడు అలవాటుంది.

ఊరు రెండుగా చీలిపోయిందే తల్లీ. ముప్పై ఒక్క ఏళ్ళుగా మీ నాన్నే కాలేజీ బేస్‌బాల్ జట్టుకి కోచ్. నాలుగుసార్లు రాష్ట్రం కప్పు తెచ్చాడు. ఆయన మీద అభిమానంతో వెండెల్ అని పేరు పెట్టుకున్న పిల్లలే ఈ ఊళ్ళో తొమ్మిది మంది ఉన్నారు. ఈ ఏడు పదకొండు ఆటలు ఓడేసరికి ఆ తొమ్మిది మంది తండ్రులూ "ముసలాయన పనైపోయింది, కొత్తవాణ్ణి పెట్టాలి" అంటున్నారు. మంగలి హోయట్ అయితే తన షాపులో అద్దం ముందు రెండు గాజు సీసాలు పెట్టాడు. ఒకదాని మీద 'ఉండాలి' అని రాశాడు, రెండోదాని మీద 'పోవాలి' అని. క్షవరం చేయించుకున్న ప్రతివాడూ ఓ చిక్కుడు గింజ వేసి పోవాలట! నాకు ఒళ్ళు మండిపోయి వెళ్ళి దులిపేశాను.

"ఏమయ్యా హోయట్, నత్తి నత్తిగా మాట్లాడే మీ అబ్బాయిని జట్టులోకి తీసుకుని మనిషిని చేసింది ఎవరు? సిగ్గులేదూ నీకు?"

"నన్నంటావేంటి అక్కయ్యా! నిన్న కోచ్ గారే వచ్చి, క్షవరం చేయించుకుని, స్వయంగా తన చేత్తో 'పోవాలి' సీసాలో గింజ వేసి వెళ్ళారు."

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయుంటాడు."

"కళ్ళజోడు ముక్కు మీదే ఉందక్కయ్యా. వేసి, ఫక్కున నవ్వి మరీ వెళ్ళారు."

విసవిసా ఇంటికొచ్చేశాను. వచ్చేసరికి పాస్టరు గారి భార్య వాకిట్లో నిలబడి ఉంది, చేతిలో చికెనూ నూడుల్సూ కలిపి కాల్చిన పళ్ళెంతో. చావింటికి తెచ్చే పళ్ళెమది! "ఎవరు పోయారమ్మా?" అని అడిగాను. ఆవిడ కంగారుపడి పళ్ళెం గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. రుచి మాత్రం బాగుంది, రెండు రోజులు తిన్నాం.

అసలు సంగతేమిటంటే, కాలేజీలో ఆటల వ్యవహారాలు చూసే గ్రేడీ నిన్న గురువారం భోజనశాలలో మీటింగు ఉందని వారం ముందే చాటించాడు. ఆయన మాట ఒక్కటే. కోచ్ గారు తనంతట తాను తప్పుకుంటే దండలేసి, మైదానానికి ఆయన పేరు పెట్టి పంపుతారు. కాదంటే ఓట్లు వేసి తీసేస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళు చేసినవాణ్ణి తీసేశారనిపించుకుంటే మీ నాన్న మళ్ళీ ఆ వీధిలో తలెత్తుకుని నడవగలడా? వారం రోజులు నాకు కంటిమీద కునుకు లేదు. కునుకు పట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ఏడాదిగా నీ దగ్గర దాచాను. ఇప్పుడు చెబుతాను, తిట్టకు.

మీ నాన్న సైగలు నీకు తెలుసు కదా, మన భోజనాల బల్ల దగ్గరే నేర్చుకున్నావు. చెవి ముట్టుకుంటే తర్వాతి బేస్‌కి పరుగెత్తమని, బెల్టు ముట్టుకుంటే ఉన్నచోటే ఉండమని. ముందు టోపీ ముట్టుకుంటేనే ఆ తర్వాతది లెక్క, మిగతా గోకుళ్ళన్నీ ఎదుటి జట్టు కళ్ళు కప్పడానికి. నువ్వు చిన్నప్పుడు టోపీ ముట్టుకోకుండా మోచెయ్యి ముట్టుకుని వెన్న అడిగితే మీ నాన్న ఇచ్చేవాడు కాదు, నువ్వు బల్ల కింద దూరి ఏడ్చేదానివి.

కిందటేడు ఏప్రిల్‌లో ఓ ఆట మధ్యలో మీ నాన్న ఆ సైగలు మర్చిపోయాడు నెల్డా. ముప్పై ఏళ్ళ సైగలన్నీ ఆయన బుర్రలో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మూడో బేస్ పక్కన నిలబడి చొక్కా తడుముకుంటున్నాడు, తాళాలు పారేసుకున్నవాడిలా. మన ఇంట్లో రెండేళ్ళుగా భోంచేస్తున్న జట్టు కుర్రాడు డ్వెయిన్ రెండో బేస్ మీద నిలబడి బిక్కమొహం వేశాడు. వాడి చూపు ఆయన్ను దాటి, మూడో వరుసలో కూర్చున్న నా మీద పడింది. నా చెయ్యి దానంతటదే లేచింది. టోపీ, చెవి. వాడు పరుగెత్తాడు. గెలిచాం!

ఆ తర్వాత కుర్రాళ్ళందరూ నన్నే చూడటం మొదలుపెట్టారు. కిందటేడు చివరి ఆరు ఆటలూ గెలిపించింది మీ నాన్న కాదు, నేను. నాకూ కాస్త పొగరెక్కిందిలే. ఈ ఏడు ఓడించిందీ నేనే. నువ్వు క్రిస్మస్‌కి పంపిన ఆ వెండి చెవిపోగులున్నాయే, అవి పెట్టుకుంటే ఒకటే దురద. గాలికి టోపీ సర్దుకుంటాను, వెంటనే చెవి గోక్కుంటాను, ఎవడో ఒకడు ప్రాణాలకు తెగించి పరుగెత్తి అవుటైపోతాడు! తీసేద్దామంటే, మా అమ్మాయి జర్మనీ నుంచి పంపిందని ఊరందరికీ చూపించుకోవాలని నా పిచ్చి. అన్నీ చెవిపోగుల మీదే తోసేయనులే. బాగా ఆలోచించి మరీ తప్పు సైగలిచ్చిన ఆటలు కూడా నాలుగైదున్నాయి.

బుధవారం సాయంత్రం భోజనం దగ్గర ఇక దాచలేక మీ నాన్నతో చెప్పేశాను. ఏడుస్తూనే చెప్పాను. ఆయన మొక్కజొన్న రొట్టె నములుతూ అంతా విన్నాడు.

"అయిందా?" అన్నాడు.

"అయింది. తిట్టవేమయ్యా?"

"పిచ్చిదానా, ఏడాదిగా నేను చేసినవన్నీ ఉత్త సైగలే. టోపీ అన్నాను, గడ్డం అన్నాను, చేతికందిన చోటల్లా గోక్కున్నాను. ఎదుటివాళ్ళు నా వంక చూస్తుంటే, మన కుర్రాళ్ళు నిన్ను చూసుకుంటారని."

"నీకు తెలుసా!"

"నా జట్టు ఎవరి వంక చూస్తోందో నాకు తెలీదా? పదకొండు ఆటలు నువ్వు ఓడించావు, మాటలన్నీ నేను పడ్డాను. అందుకే కదే హోయట్ షాపులో గింజ వేశాను. అది నీ మీద వేసిన గింజ!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదమ్మా. ఊరంతా నోటికొచ్చినట్టు తిడుతుంటే, ఆ తిట్లు నాకు తగలకుండా అడ్డం నిలబడ్డాడు. ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆయన నాకు పూలు తెచ్చింది రెండే రెండుసార్లు. ఇక తేకపోయినా ఫరవాలేదు.

నిన్న మీటింగుకి ఊరంతా వచ్చింది. కుర్రాళ్ళందరూ వెనక బెంచీల మీద కూర్చున్నారు. నేను అలవాటుగా మూడో వరుసలో కూర్చున్నాను. గ్రేడీ గొంతు సవరించుకుని, "కోచ్ గారూ, మీరేమంటారు?" అన్నాడు. మీ నాన్న లేచాడు. నా వంక చూశాడు.

బెల్టు ముట్టుకుంటే ఈ మనిషి ఉండి పోట్లాడతాడు, నా కోసం ఇంకో ఏడాది తిట్లు తింటాడు. బడాయికైనా అదే చేయాలనిపించింది నాకు. కానీ ఆయన మొహంలో ఆ తాళాలు వెతుక్కునే చూపు మళ్ళీ కనిపించింది. మెల్లగా టోపీ ముట్టుకున్నాను. తర్వాత చెవి. పరుగెత్తి ఇంటికొచ్చెయ్యవయ్యా, చాలు.

మీ నాన్న నవ్వాడు. "ఈ ఆటల కాలం అయిపోగానే నేను తప్పుకుంటున్నా," అన్నాడు.

వెనక ఒక్కసారిగా దడదడమని చప్పుడు. తిరిగి చూద్దును కదా, పద్దెనిమిది మంది కుర్రాళ్ళూ లేచి తలుపు వైపు పరుగు! డ్వెయిన్ అప్పటికే గుమ్మం దాటేశాడు. గ్రేడీ బిత్తరపోయి వాళ్ళనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. నేను చెవి దురద అన్నట్టు గోక్కున్నాను.

కొత్త కోచ్‌గా సహాయకుడు టాలీని పెట్టారు. మంచివాడే, ఆటంటే ప్రాణం. కానీ ఇంకా పెళ్ళి కాలేదు పాపం, జట్టునెలా నడుపుతాడో ఏమో.

ఇట్లు
నీ చెవిపోగులు దాచేసి, మీ నాన్న బేస్‌బాల్ గ్లవ్ వచ్చిన అట్టపెట్టెలో నీ కేకులు సర్దుతున్న,
మీ అమ్మ ఒపల్