నలభై రెండు నడుములు, ఒక లాప్‌టాప్

రెండో తారీఖు

మరిదికి వదిన దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం, లాప్‌టాప్ తప్ప.

పోయినసారి వచ్చినప్పుడు, కొత్త సిస్టం ఊళ్ళో అందరికంటే ముందు మీకే వస్తుంది వదినా అని నా పేరు ఆ బీటా జాబితాలో ఎక్కించి వెళ్ళావు. అన్నట్టుగానే ఇరవై ఎనిమిదో తేదీ మధ్యాహ్నం వచ్చింది. అప్‌డేట్ చేయమంటావా అని అడిగింది. నువ్వు చెప్పిందే కదా అని సరేనన్నాను. భోంచేసి వచ్చేసరికి నల్లటి తెర మీద తెల్ల చక్రం ఒకటి తిరుగుతోంది. తిరిగి తిరిగి ఆగిపోతుంది. ఆపి మళ్ళీ వేస్తే మళ్ళీ అదే తంతు. లోపలికి మాత్రం రానివ్వడం లేదు.

నా ఇబ్బంది నీకు తెలియాలి. ఆసుపత్రిలో కొత్త వార్డు ముప్పయ్యో తేదీన తెరుస్తున్నారు. నలభై రెండు మంది నర్సులకు యూనిఫారాలు మన షాపుకే ఇచ్చారు. కొలతలన్నీ ఆ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. పదిహేనుకల్లా కత్తెర వేయకపోతే పని రెడీమేడ్ షాపుకు వెళ్ళిపోతుందని పెద్ద నర్సు మెత్తగానే చెప్పింది. ఆవిడ మెత్తగా చెప్పిందంటే జరిగి తీరుతుంది.

మళ్ళీ కొలుచుకోవచ్చు కదా అంటావు. అక్కడే ఉంది చిక్కు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నేను కొలత తీసేటప్పుడు టేపు చెప్పింది ఒకటి, నోటితో చెప్పేది ఒకటి. నడుము దగ్గర ఒకటో రెండో అంగుళాలు తగ్గించి చెబుతాను. ఆ తల్లుల మొహాలు విచ్చుకుంటాయి. అసలు లెక్క లాప్‌టాప్‌లో ఎక్కిస్తాను. బట్ట సరిగ్గా కుదురుతుంది, మనిషి సంతోషంగా వెళ్తుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే పద్ధతి. ఇది అబద్ధమేనని రోజూ ప్రార్థనలో ఒప్పుకుంటున్నాను కూడా. దేవుడికి మాత్రం అసలు అంగుళాలే చెబుతాను. ఇప్పుడు మళ్ళీ టేపు తీస్తే ఎవరికి ఎంత తగ్గించానో నాకే గుర్తు లేదు. రెండు వారాల్లో నడుము రెండంగుళాలు పెరిగిందని ఎవరికి చెప్పినా, వాళ్ళు నన్ను కాదు, రెడీమేడ్ షాపును నమ్ముతారు.

ఫోన్లో ఎందుకు మాట్లాడటం లేదంటే, షాపులో ఎప్పుడూ నలుగురు కూర్చుని ఉంటారు. పైగా నువ్వు ఫోన్లో గబగబా చెబుతావు. కాగితం మీద రాసి పంపితే పక్కన పెట్టుకుని, అక్షరం పొల్లు పోకుండా చేస్తాను.

ఇట్లు,
వదిన

తా.క.: మన వీధిలోనే లాప్‌టాప్‌లు బాగుచేసే అతను ఉన్నాడు. మంచివాడే. కానీ అతని భార్య నా జాబితాలో పదిహేడో నర్సు.

* * *

ఐదో తారీఖు

పూజ్యులైన వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది. ఇది అసలు సమస్యే కాదు. ఇన్‌స్టిట్యూట్‌లో నన్ను కంప్యూటర్ మాస్టారు అని ఊరికే అనడం లేదు. కింద రాసినట్టు వరసగా చేయండి.

ముందుగా, తగిలించినవన్నీ ఊడదీయండి. తర్వాత పవర్ మీట ముప్పై సెకన్లు వదలకుండా నొక్కి పట్టుకోండి. వదిలి, మళ్ళీ ఒకసారి నొక్కండి. చక్రం పదకొండు చుట్లు తిరిగి ఆగుతుంది, ఆగిన వెంటనే ఫ్యాను చప్పుడు పెరుగుతుంది కదా, సరిగ్గా అప్పుడు పైవరసలో ఎనిమిదో మీట నొక్కండి. నీలం తెర వస్తుంది. అందులో మూడు దారులు ఉంటాయి. 'పాత సిస్టంకు తిరిగి వెళ్ళు' అన్నది ఎంచుకోండి. 'అంతా తుడిచివేయి' అన్నదాని జోలికి మాత్రం వెళ్ళకండి.

ఏ మెట్టు దగ్గర ఏం కనబడిందో, ఒక్కటి కూడా వదలకుండా, వెంటనే రాయండి. ఇది చాలా ముఖ్యం.

ఎప్పుడూ టైపు చేసి పంపేవాణ్ణి, ఈసారి చేత్తో రాశానని ఆశ్చర్యపోకండి. వదినగారికి చేతిరాతే గౌరవం అనిపించింది.

మీ
మరిది

తా.క.: ఆ నర్సులను తలచుకుంటే జాలేస్తోంది. సొంత నడుము ఎంతో తెలియకుండా ఎలా బతుకుతారో. నాది పదేళ్ళుగా ముప్పై నాలుగు. మీరే కొలుస్తున్నారు, మీరే కుడుతున్నారు, మీకంటే సాక్ష్యం ఎవరు? మా ఇంట్లో టేపు కూడా లేదు, అవసరమే రాలేదు.

* * *

తొమ్మిదో తారీఖు

మరిదికి వదిన ఆశీస్సులు.

నువ్వు రాసినట్టే చేశాను. తగిలించినవన్నీ ఊడదీయమన్నావు కదా, తీగ ఉన్నది ఏదీ వదల్లేదు. లాప్‌టాప్‌ది, మూడు కుట్టుమిషన్లవి, ఎంబ్రాయిడరీ మిషన్‌ది, ఇస్త్రీపెట్టెది, ఫ్యానుది, ఇంట్లోకి వెళ్ళి ఫ్రిజ్‌ది కూడా. కుట్టేవాళ్ళిద్దరినీ ఇంటికి పంపేశాను.

ఆ సమయానికి మీ అన్నయ్య డ్యూటీ దిగి వచ్చారు. బస్సు డిపోలో పొద్దుటి నుంచి నిలబడి వచ్చిన మనిషికి ఇంట్లో చల్లటి నీళ్ళు లేవు, ఫ్యాను లేదు. నన్ను అడగచ్చు కదా, అడగలేదు. తిన్నగా కరెంటాఫీసుకు వెళ్ళి, పక్కింట్లో వెలుగుతోంది, మా ఇంటికేం పాపం అని పోట్లాడి, లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. పాపం అతను స్తంభం ఎక్కాడు, దిగాడు, మీటరు విప్పాడు, బిగించాడు. చివరికి గోడ దగ్గర వంగి చూసి, ఫ్రిజ్ తీగ చేతిలో పట్టుకుని మీ అన్నయ్య వైపు చూశాడు. తీగ మెల్లగా కింద పెట్టి వెళ్ళిపోయాడు. మంచి మర్యాద తెలిసినవాడు.

ఇక ముప్పై సెకన్లు. కళ్ళు మూసుకుని నా చిన్న ప్రార్థన నాలుగుసార్లు చెప్పుకుంటే సరిగ్గా ముప్పై అవుతాయి. అలాగే నొక్కి పట్టుకున్నాను. నువ్వు చెప్పిన చోట ఎనిమిదో మీట నొక్కగానే నీలం తెర వచ్చింది. పాత సిస్టంకు తిరిగి వెళ్ళు అన్నది నొక్కాను. పది రోజుల్లోపు అయితేనే వెళ్ళనిస్తాం, గడువు దాటింది అని వచ్చింది. గడువు ఏడో తేదీతో అయిపోయింది. నీ ఉత్తరం ఎనిమిదిన చేరింది.

పెద్ద నర్సు నిన్న షాపు ముందు నుంచి వెళ్తూ, కత్తిరించడం మొదలుపెట్టారా అని అడిగింది. గుడ్డ తడిపి ఆరవేశానమ్మా అన్నాను. అది నిజమే. ఇక ఆరు రోజులే ఉంది.

ఇట్లు,
వదిన

తా.క.: బీటా అంటే పూర్తిగా తయారు కాకముందే కొందరికిచ్చి చూడటం అని నువ్వే చెప్పావు. మా పనిలో దాన్ని కచ్చా కుట్టు వేసి తొడిగి చూడటం అంటాం. కానీ కచ్చా కుట్టు బట్టతో నేను ఎవరినీ వీధిలోకి పంపను.

* * *

పదకొండో తారీఖు

వదినగారికి నమస్కారాలు.

ఫ్రిజ్ ఊడదీయమని నేను చెప్పలేదు. అన్నయ్యకు మాత్రం నేను చెప్పానని చెప్పకండి.

అయినా కంగారు లేదు. ఈ ఉత్తరంతో పాటు ఒక పెన్‌డ్రైవ్ పంపిస్తున్నాను, స్పీడ్ పోస్టులో. అందులో పాత సిస్టం మొత్తం ఉంది. లాప్‌టాప్ పక్కన చీలికలో దాన్ని దోపి, ఎనిమిదో మీట పద్ధతిలోనే నీలం తెర రప్పించి, రెండో దారి ఎంచుకోండి. మూడు గంటలు పడుతుంది. ఆ మూడు గంటలూ ఎవరూ దాన్ని కదపకూడదు, తాకకూడదు.

అయితే ఒక మాట. రెండో దారి ఎంచుకోగానే లోపలున్న ఫైళ్ళు ఉంటాయో పోతాయో ఒక ముక్క ముందే రాస్తుంది. ఆ ముక్కలో ఏముందో జాగ్రత్తగా చదివి, నాకు రాయండి. నీలం తెర కుడిమూల చిన్న అంకె కూడా ఒకటి ఉంటుంది, నా దాంట్లో అది ఏడుతో మొదలవుతోంది, మీ దాంట్లో ఎంతో చూసి రాయండి. ముందు మీరు చేసి చూడండి. తర్వాత సంగతి తర్వాత.

ఇది నూటికి నూరుపాళ్ళు పని చేస్తుంది.

మీ
మరిది

తా.క.: ఎప్పుడైనా నేను కుర్చీలో కూర్చుని చెప్పేవాణ్ణి, మీరు చేసేవారు. మనిద్దరం కలిస్తే ఏ మిషన్ అయినా దారికి రావలసిందే.

* * *

పద్నాలుగో తారీఖు

మరిదికి వదిన దీవెనలు.

పెన్‌డ్రైవ్ నిన్ననే చేరింది. పోస్టులో దెబ్బతగలకుండా నువ్వు చుట్టిన పాత గుడ్డను గుర్తుపట్టాను, నేను కుట్టిన చొక్కా చెయ్యి. పోనీలే.

దోపాను. రెండో దారి ఎంచుకున్నాను. ఫైళ్ళు పోతాయని గానీ ఉంటాయని గానీ ఏ ముక్కా రాలేదు. మళ్ళీ నల్ల తెర, తెల్ల చక్రం. ఎవరూ తాకకూడదన్నావని మూడు గంటలు దాని మీద దుప్పటి కప్పి, పక్కన స్టూలేసుకుని కాపలా కూర్చున్నాను. అప్పుడు పెద్ద నర్సు వచ్చింది. దుప్పటి కిందనుంచి ఫ్యాను మూలుగు విని, ఎవరికి బాగాలేదమ్మా అని అడిగింది. ఇక దాచలేక, నడుముల సంగతి మాత్రం వదిలేసి, జబ్బు సంగతి చెప్పాను. ఆవిడ దుప్పటి తీసి, చుట్టూ తిరిగి చూసి, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నతో రెండు నిమిషాల్లో లాప్‌టాప్ తెరుచుకుంది. నలభై రెండు మంది లెక్కలూ అంగుళం పోకుండా ఉన్నాయి. సాయంత్రమే కత్తెర వేశాను. దేవుడు దయగలవాడు.

ఆ ప్రశ్న ఏమిటో మాత్రం ఇప్పుడే రాయను. ముందు నా ప్రశ్నకు జవాబు చెప్పు.

నేను షాపులో రసీదు రాసినట్టే ఉత్తరాలు కూడా కార్బన్ పెట్టి రాస్తాను. నా రెండో తారీఖు ఉత్తరం కాపీ ఇప్పుడు నా ముందుంది. చక్రం తిరిగి తిరిగి ఆగిపోతోందని రాశాను. అంతే. పదకొండు చుట్లు అని రాయలేదు. ఫ్యాను సంగతీ రాయలేదు. నీ ఉత్తరం చూసి లెక్కపెడితే, సరిగ్గా పదకొండే. ఇంకొకటి. ఉద్యోగంలో చేరింది మొదలు నువ్వు టైపు చేయకుండా ఉత్తరం రాసింది లేదు, నీ పెళ్ళి శుభలేఖ మీద నా పేరు కూడా టైపే. పోయిన ఉత్తరంలో 'నా దాంట్లో ఏడుతో మొదలవుతోంది' అన్నావు.

నీ లాప్‌టాప్ ఎలా ఉంది నాయనా?

ఇట్లు,
వదిన

తా.క.: నిజం చెబితే వైద్యం చెబుతాను. చెప్పకపోయినా పదిహేను రోజులు పోయాక చెబుతాను. వదినను కదా.

* * *

పదహారో తారీఖు

పూజ్యులైన వదినగారి పాదాలకు నమస్కారాలు.

ఇక దాచి లాభం లేదు. ఇరవై ఎనిమిదో తేదీ మధ్యాహ్నమే నాదీ పోయింది. ప్రిన్సిపాల్‌గారి ముందు, ఇరవై మంది మాస్టర్ల ముందు, కొత్త సిస్టం చూపిస్తానని గోడ మీద పెద్ద తెర పెట్టించి మరీ అప్‌డేట్ నొక్కాను. చక్రం తిరగడం మొదలైంది. పదకొండు చుట్లని నాకు ఎలా తెలుసంటే, ఇరవై మందీ గట్టిగా లెక్కపెట్టారు.

ఇది ఇలాగే ఉండాలని చెప్పాను వదినా. ఆ చక్రం గురించి నలభై నిమిషాలు ఉపన్యాసం కూడా ఇచ్చాను. కొందరు నోట్సు రాసుకున్నారు. మిగతాది ఇరవై ఒకటిన చూపిస్తానని చెప్పి బయటపడ్డాను. ఆ రోజు కూడా చక్రమే తిరిగితే, కంప్యూటర్ మాస్టారు అన్న పేరు తీసేసి చక్రం మాస్టారు అంటారు. ఇప్పటికే ప్యూను అంటున్నాడు.

నా దాంట్లో ఆరేళ్ళ పాఠాలున్నాయి. ఏదైనా చేస్తే అవి పోతాయేమోనని చేయి రాలేదు. సరిగ్గా అప్పుడే మీ ఉత్తరం వచ్చింది. ముందు మీ దాని మీద చేయించి చూద్దామనుకున్నాను. తప్పే. నలభై రెండు మంది కడుపు కొట్టేవాణ్ణి, కాదు, నడుము కొట్టేవాణ్ణి. క్షమించి ఆ ప్రశ్న ఏమిటో రాయండి. ఇరవయ్యో తేదీలోపు చేరేలా రాయండి.

మీ
మరిది

తా.క.: మా ఆవిడ, అదే మీ చెల్లి, ఈ ఉత్తరం చదివి, రెండు వారాలుగా నవ్వు ఆపుకుంటున్నానని చెప్పి లోపలికి వెళ్ళింది. ఇంకా వినిపిస్తోంది.

* * *

పద్దెనిమిదో తారీఖు

మరిదికి వదిన నిండు దీవెనలు.

నిజం చెప్పావు, సంతోషం. నాకు కోపమేమీ లేదు. తొడిగి చూడటానికి నువ్వు నన్ను ఎంచుకున్నావంటే నమ్మకం ఉండబట్టే అనుకుంటాను. ఇంకోసారి ఎంచుకోకు.

ఇక వైద్యం. పెద్ద నర్సు అడిగింది ఇది. "లోపల ఏదైనా వదిలేశారా?" ఆసుపత్రిలో ఆపరేషన్ అయ్యాక కుట్లు వేసేముందు, లోపలికి వెళ్ళిన కత్తెరలు, దూది ఉండలు అన్నీ బయటికి వచ్చాయో లేదో లెక్కపెడతారట. లెక్క తేలకపోతే డాక్టరంతటివాణ్ణి కూడా కదలనివ్వరట. అది విన్నాక నాకు సిగ్గేసింది. గుండుసూదులు నేనూ అలాగే లెక్కపెడతాను, ఇన్ని గుచ్చాను, ఇన్ని తీశాను అని. లాప్‌టాప్‌కు మాత్రం లెక్క చూడలేదు.

అప్పుడు కూర్చుని లెక్కపెట్టాను. ఇరవై ఏడో తేదీన యూనిఫారం జేబు మీద కుట్టాల్సిన ఆసుపత్రి గుర్తును ఎంబ్రాయిడరీ మిషన్‌లోకి ఎక్కించడానికి, చిన్న మెమరీ కార్డు లాప్‌టాప్ ఎడమపక్క చీలికలో పెట్టాను. పెట్టింది గుర్తుంది, తీసింది గుర్తు లేదు. నువ్వు తగిలించినవి ఊడదీయమంటే తీగ ఉన్నవన్నీ తీశాను. దానికి తీగ లేదు. మిషన్‌లో నూలుపీచు దులిపే బ్రష్‌తో ఆ చీలిక తుడిస్తే, పీచు కింద అంచు కనబడింది. కాస్త నొక్కితే బయటికి వచ్చింది. నీ పెన్‌డ్రైవ్ కూడా తీసేసి, మళ్ళీ పవర్ మీట నొక్కాను. చక్రం నాలుగు చుట్లు తిరిగి దారిచ్చింది. కొత్త సిస్టం లేచేటప్పుడు ముందు ఆ కార్డులో తనను తాను వెతుక్కుంటూ కూర్చుందన్నమాట.

ఆ కార్డు నాకెక్కడిదో గుర్తుందా? ఒకటి కొంటే ఒకటి ఉచితం అని నువ్వు జత కొని, ఒకటి నాకిచ్చి, రెండోది నీ లాప్‌టాప్‌లో పెట్టుకున్నావు. ఎడమపక్క చూడు.

యూనిఫారాలు సగం అయ్యాయి. పదిహేడో నర్సు నిన్న తొడిగి చూసుకుని, రెడీమేడ్ షాపులో అదే నంబరు బట్ట ఎప్పుడూ బిగుతుగా ఉంటుంది, మీ చేతిలో ఏముందో గానీ అంది. నేను దేవుణ్ణి తలచుకుని, టేపు చుట్టి సొరుగులో పెట్టాను.

ఇరవై ఒకటిన ధైర్యంగా నిలబడు. ఇంకేం వచ్చినా నలభై నిమిషాలు మాట్లాడగలవు.

ఇట్లు,
వదిన

తా.క.: నువ్వు నిజం ఒప్పుకున్నావు కాబట్టి నేనూ ఒకటి ఒప్పుకోవాలి. లాప్‌టాప్ తెరుచుకున్నాక చూస్తే నర్సుల జాబితా కింద నలభై మూడో వరసలో నువ్వున్నావు. పైకి చెప్పింది ముప్పై నాలుగు. రాసుకున్నది ముప్పై తొమ్మిది. మీ ఇంట్లో టేపు లేకపోవడం అవసరం రాక కాదు. టేపు కొననివ్వకమ్మా అని మా చెల్లికి పదేళ్ళ కిందటే చెప్పాను.