అందరూ లేచేదాకా

సాదలి,
మంగళవారం మధ్యాహ్నం

అమ్మకు, నాన్నకు దండాలు పెట్టి గంగ రాసేది.

మీ ఒంట్లో బాగుందా? నాన్న దగ్గు తగ్గిందా? నేను బాగున్నాను. నవ్వొద్దు, నిజంగానే బాగున్నాను. ఇప్పుడు రాసే సంగతి ఫోన్లో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను ఓదార్చేలోగా అక్కడ మన అంగడికి ఎవరో ఒకరు పప్పుకో ఉప్పుకో వస్తారు. అందుకే కాగితం పట్టుకున్నాను. మధ్యాహ్నానికి వేళ్లు కాస్త సడలుతాయి. అక్షరాలు వంకర పోయాయని జబ్బు ఎక్కువైందనుకునేవు, నా రాత బడిలో ఉన్నప్పటి నుంచీ ఇంతే.

చింతామణి డాక్టరమ్మ మళ్లీ అదే చెప్పింది. ఈ కీళ్లవాతం పూర్తిగా వదిలిపోయేది కాదు, మందులు మానకూడదు, నొప్పి ఎక్కువైన రోజుల్లో పడుకోవాలి. పొద్దున చేతులు, మోకాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. ఎండెక్కితే గాని మంచం దిగలేను. పెళ్లయి ఏడాది తిరగకముందే మంచం పట్టిన కోడలిని, నాకెంత సిగ్గుగా ఉండేదో నీకు తెలుసు. పని చెయ్యలేని దాన్ని ఎన్నాళ్లు చూస్తారు, ఆదివారం నాన్న వచ్చి పిలుచుకొస్తాడు, ఇక బాగేపల్లిలోనే ఉండిపో అని నువ్వంటే సరేనన్నాను. బ్యాగు కూడా సర్దేశాను.

ఈలోపు ఏమైందో విను.

అంగట్లో పుట్టి పెరిగిన నాకు పట్టుపురుగుల సంగతి ఏం తెలుసు? ఇక్కడ నేను పడుకునే గది గోడ పక్కనే వాటికో ఇల్లు. పగలూ రాత్రీ మల్బరీ ఆకు తింటూనే ఉంటాయి. రేకుల మీద సన్నచినుకు పడుతున్నట్టు ఆ చప్పుడు నా మంచం దాకా వినిపిస్తుంది. పడుకున్నదానికి అదే తోడు. పోయిన వారం అందరూ తోటకు పోయి ఉండగా ఆ చప్పుడు ఆగిపోయింది. గోడ పట్టుకుని పోయి చూస్తే, అమ్మా, అన్ని వేల పురుగులూ తలలు పైకెత్తి కదలకుండా ఉన్నాయి. మీద ఏదో తెల్లటి పొడి. ఆకలితో చచ్చిపోతున్నాయనుకున్నాను. ఈ చేతులతోనే బుట్టలోంచి ఆకు తీసి రెండు తట్టలకు చల్లాను.

అత్త వచ్చి చూసి తిట్టలేదు. నవ్వుతూ ఒక్కో ఆకూ ఏరి తీసేసింది.

"నిద్దర పోతాండాయమ్మా అవి. నిద్దర్లో ఉండేవాళ్లకి ఎవురన్నా కూడు పెడతారా?"

"ఊరికే పడుకున్నాయా అత్తా?"

"ఊరికే యాడ? లోపల పని జరగతాండాది. పాత తోలు ఇడిసి కొత్త తోలు తొడుక్కుంటాయి. ఇప్పుడు కదిలించకూడదు."

ఆ తెల్లటి పొడి సున్నమంట, తడి ఆరడానికి వేస్తారు.

మర్నాడు అక్కడే పీట వేసుకుని కూర్చున్నాను. ఒక పురుగు తల కదిపింది. తోలు వెనక్కి జారింది. అందులోంచి అది మెల్లగా నడుచుకుంటూ బయటికొచ్చింది. నా చిటికెన వేలంత లేని ప్రాణి! లేచినవాటికి ఆకు వెయ్యబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"రోంత తాళు. అన్నీ లేసేదాకా ఎయ్యకూడదు. ముందు లేసినవాటికి ముందే పెడితే ఎనక లేసేటివి ఎనకే ఉండిపోతాయి."

సాయంత్రానికి గాని ఆకు వెయ్యలేదు. మళ్లీ ఆ చినుకుల చప్పుడు మొదలైతే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎందుకో అప్పుడు తెలియలేదు.

అసలు సంగతి నిన్న పొద్దున జరిగింది. మెలకువ వచ్చినా లేవలేక పడుకునే ఉన్నాను. మా ఆయన తోట నుంచి ఆకు మోపు తెచ్చి దించాడు.

"ఆకలైతాండాది అమ్మా, పెడతావా?"

"ఇంకా అందురూ లెయ్యలేదప్పా. రోంత తాళు."

ఆయన పోయి అరుగు మీద మామ పక్కన కూర్చున్నాడు. నేనొచ్చినప్పటి నుంచీ ఈ ఇంట్లో పొద్దెక్కాకే తింటారు. రైతుల ఇళ్లలో ఇదే పద్ధతేమో అనుకున్నాను. తెల్లారకముందే తోటకు పోయేవాళ్లు అంతసేపు ఖాళీ కడుపుతో ఎందుకుంటారని ఒక్కరోజైనా నాకు తోచలేదు. నా కోసం ఆగుతున్నారమ్మా. నెలల తరబడి ముగ్గురూ ఆగుతున్నారు, ఒక్కరూ నోరు తెరిచి చెప్పలేదు. మెల్లగా వంటింట్లోకి పోతే నాలుగు కంచాలూ బోర్లించే ఉన్నాయి. అత్త నన్ను చూసి "లేసినావా" అని సంగటి చట్టి మూత తీసింది. అంతే.

బ్యాగు విప్పి చీరలు మళ్లీ బీరువాలో పెట్టేశాను.

నువ్వు చేసిన చెనిక్కాయల పొడి నాన్నతో పంపు, మామకు ఇష్టం. ఘాటు వాసన లేని నొప్పుల నూనె దొరికితే అదీ పంపు. ఇప్పుడున్న మందు వాసన పురుగులకు పడదు, అది రాసుకున్న రోజు నేను వాటిని చూడ్డానికి పోలేను. అవ్వ కాళ్లకు నా బదులు నువ్వే దండం పెట్టు, నేనింకా వంగలేను. మీ దీవెనలు మాత్రం నా మీద ఉండనీ.

ఆదివారం నాన్నను తప్పకుండా రమ్మను, పిలుచుకుపోవడానికి కాదు, చూసిపోవడానికి. ఒక్క మాట ముందే చెప్పి పంపు. మొదటి బస్సుకే దిగినా, ఎంత ఆకలిగా ఉన్నా, నేను లేచేదాకా ఆయనకు కూడా సంగటి దొరకదు.

మీ కూతురు,
గంగ