నా మరుపు ఎవరికి తెలుసు

శుక్రవారం రాత్రి

కళ్ళద్దాలు మార్చుకుందామని పొద్దున తిరువళ్ళూరులోనే కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. కంటి లోపల ఫోటో తీసి, సన్న రక్తనాళాలు ఇంకా సన్నబడ్డాయని చూపించింది. బీపీ వల్ల కావచ్చు, ఒక్కోసారి మతిమరుపుకి ముందు గుర్తు కూడా కావచ్చు, ఫోటో ఒక్కటే చూసి చెప్పలేమంది.

"మరుపు ఉండాదా అని మిమ్మల్నే అడిగితే ఎట్లమ్మా తెలిసేది? ఇంట్లోవాళ్ళని పిలుచుకోని రాండి" అంది.

ఇంట్లో ఎవరున్నారు? ఆయన పోయి నాలుగేళ్ళు. పిల్లలు లేరు. పొయ్యి ఆపానో లేదో నేనే చూసుకోవాలి, చూశానో లేదో కూడా నేనే చెప్పుకోవాలి.

నెలనెలా కృత్తిక నక్షత్రం రోజున స్వామి దర్శనానికి వెళ్ళినప్పుడు నన్ను చూసే మనిషి ఒక్కతే, తిరుత్తణి కొండ మెట్ల దగ్గర పూలమ్మే వళ్ళి. మధ్యాహ్నం రైలెక్కి వెళ్ళి ఆమెనే అడిగాను.

"నీకా మరుపు? నా మనవరాలి నక్షత్రం నాకే తెలీదు, నువ్వు చెప్తావు కదక్కా!" అని నవ్వింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

మాల కడుతూ మళ్ళీ తనే అడిగింది. "పోయిన కృత్తికకి పొద్దున ఒక మాల, సాయంత్రం ఒక మాల తీసుకోని రెండుసార్లు కొండెక్కినావే, అదేం మొక్కుబడి అక్కా?"

ఆ రోజు మధ్యాహ్నానికే ఇంటికి వచ్చి పడుకున్నట్టు నాకు గుర్తు. వళ్ళి వైపు చూసి ఊరికే నవ్వాను. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఆ సాయంత్రం కోసం ఎంతో వెతుక్కున్నాను. ఒక్క మెట్టు కూడా గుర్తుకు రాలేదు.

స్వామీ, ఆ సాయంత్రం నీ ముందు నిలబడి నేనేమి అడిగానో నీకు తెలుసు. నాకు తెలియదు.