చల్లారిన చాయ్‌తో సాగనంపాను

బస్రా, ఫిబ్రవరి 1986

అక్కా,

రేడియో యుద్ధవార్తల్లో బస్రా పేరు వినగానే అమ్మ తిండి మానేస్తుందని తెలుసు. ఈ కార్డు చదివి వినిపించు, నేను బాగానే ఉన్నాను.

నా గదిలో ఉండే డ్రాయింగ్ మాస్టారు గజ్వాన్‌ని సోమవారం సైన్యంలోకి పిలిచారు. వెళ్లేవాడి వెనక నీళ్లు పోస్తేనే కదా క్షేమంగా తిరిగొచ్చేది! పోద్దామంటే కుళాయిలో చుక్క లేదు. చేతిలో ఉన్న చాయ్‌నే గుమ్మం ముందు పారబోశాను. వాడు వెనక్కి తిరిగి, "ఒరేయ్ పిసినారీ, చల్లారిన చాయ్‌తో సాగనంపుతావా? నేనొచ్చేసరికి వేడిది పెట్టి ఉంచు" అని నవ్వుకుంటూ పోయాడు.

వాడి క్లాసులూ నా నెత్తినే పడ్డాయి. లెక్కలు చెప్పేవాడికి బొమ్మలేం తెలుసు? పడవ గీయండర్రా అంటే నలభై మందీ పడవ మీద తుపాకీ పెట్టారు. కోప్పడితే ఒకడు, "అవతలి ఒడ్డున శత్రువుంటే, తుపాకీ లేకుండా మన నది ఎట్లా దాటతాం సార్?" అన్నాడు. హెడ్మాస్టరుకేమో గోడ నిండా విజయం బొమ్మలు కావాలట.

ఉన్ని మేజోళ్లు పంపించు. బావకి యుద్ధం నుంచి సెలవు దొరికిందా? పిల్లలకి నా ముద్దులు.

రోజూ పొద్దున రెండు గ్లాసుల చాయ్ పెడుతున్నాను. రెండోది చల్లారాక నేనే తాగేస్తున్నాను. నీళ్లకి బదులు చాయ్ పోస్తే పనిచేస్తుందో లేదో అమ్మనడిగి రాయి. పనిచేయదంటే మాత్రం, ఆ ఒక్క మాటా రాయకు.

నీ తమ్ముడు
యూనిస్